పాప తలనొప్పి వదిలేసి అందరూ వాన గురించే మాట్లాడుతున్నారు

నల్గొండ నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 41, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తారు, రోజూ మిర్యాలగూడ పోయి వస్తారు. ఒక్కతే బిడ్డ, ఇప్పుడు తొమ్మిదో తరగతి. భర్తకు పొద్దున్నే పానగల్లు చెరువు కట్ట మీద నడిచే బ్యాచ్ ఒకటి ఉంది, మొత్తం నలుగురు. ఆ నడక ముదిరి హిమాలయాల ట్రెక్కుల దాకా పోయింది. పోయినేడు జులై ఆఖర్లో ఆ నలుగురితో పాటు ఈవిడ, పాప కూడా హిమాచల్‌లో హంప్టా పాస్‌కు, అంటే కొండల నడుమ దాటే ఒక కనుమకు వెళ్లారు. మిగతా ముగ్గురి ఇళ్ల నుంచి ఆడవాళ్లెవరూ రాలేదు.

మనాలి నుంచి జోబ్రా దాకా బండి, అక్కడి నుంచి నడక. మొదటి రాత్రి చికాలో, రెండో రాత్రి బాలు కా ఘేరాలో టెంట్లు. ఆ రెండో రాత్రంతా వాన. టెంటు మీద చినుకుల మోతకు ఎవరికీ నిద్ర లేదు. పాపకు తలనొప్పి, రెండుసార్లు వాంతి చేసుకుంది. తెల్లారేసరికి మబ్బు ఎంత కిందికి దిగిందంటే ఎదురుగా ఉన్న కొండ కూడా కనబడలేదట. "గంట ఆగి చూద్దాం, తగ్గితే పైకి పోదాం, దిగిపోతామనే వాళ్లతో ఒక మనిషిని పంపిస్తా" అన్నాడు గైడు. ఎనిమిదింటికి వాన కాస్త తెరిపిచ్చింది. ఈవిడ పాపను తీసుకుని దిగిపోతానన్నారు. భర్త "ఏం గాదు, ఊకె భయపడ్తవ్" అని బ్యాచ్‌తో పైకి వెళ్లారు. తల్లీకూతుళ్లు తడుస్తూనే జోబ్రా దాకా నడిచి, మనాలి హోటల్‌కు చేరి, ఆ రాత్రి, మర్నాడంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. అవతల సిగ్నల్ లేదు. మర్నాడు చీకటి పడ్డాక భర్త నవ్వుకుంటూ వచ్చి పాస్ మీద దిగిన ఫొటోలు చూపించారు.

అప్పటి నుంచి పెళ్లికి పోయినా, గృహప్రవేశానికి పోయినా అదే ముచ్చట. "మా మేడం వానకే పరార్" అని ఆయన అనడం, అందరూ నవ్వడం. ఈ మధ్య పాప కూడా "నువ్వు ఆపకుంటే నేనూ పాస్ ఎక్కేదాన్ని కదమ్మా" అందట. ఇప్పుడు ఆగస్టులో ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ అనే పూల లోయకు, అక్కడి నుంచి సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్‌కు ప్లాన్ వేశారు, పదిహేను వేలు అడ్వాన్స్ కూడా కట్టేశారు. "నువ్వు రాకున్నా సరే, బిడ్డను తీస్కపోత" అంటున్నారు భర్త. ఈవిడకేమో 2014లో బియాస్ నదిలో మన పిల్లలు కొట్టుకుపోయిన దృశ్యం టీవీలో చూసినప్పటి నుంచి కొండ నది పక్కన నిలబడితేనే కాళ్లు వణుకుతాయి. "నేను నిజంగానే పిరికిదాన్నా? పాపను పంపాలా? నేనూ వెళ్లాలా? వద్దంటే ఇంట్లో నేనే విలన్ అవుతానా?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో మీరే రెండు లైన్లలో దాటేసిన సంగతి ఒకటుంది, ముందు దాని దగ్గరికే పోదాం. "పాపకు తలనొప్పి, రెండుసార్లు వాంతి" అని రాసి, వెంటనే మళ్లీ వాన గురించి పేజీన్నర రాశారు. మీ ఆయన చెప్పే కథలోనూ వానే ఉంది, మీ పాప మాటలోనూ వానే ఉంది. ఏడాదిగా మీ ఇంట్లో ఆ పొద్దున వాన ఎక్కువ పడిందా తక్కువ పడిందా అన్నదాని మీదే వాదన నడుస్తోంది. నా లెక్కలో ఆ రోజు ఆకాశం నీలంగా, ఎండ ఫెళ్లున కాస్తున్నా సరే మీ పాప ఆ పాస్ ఎక్కకూడదు.

ఎందుకో చూడండి. నల్గొండ సముద్రమట్టానికి నాలుగొందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. మనాలి దాదాపు 2,050. చికా 3,000 దాటుతుంది. బాలు కా ఘేరా 3,600 దగ్గర. పాస్ 4,270. పుట్టినప్పటి నుంచి మన గుట్టల మధ్య తిరిగిన పిల్ల, మనాలి వదిలిన రెండో రాత్రికే 3,600లో పడుకుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్ల కంటే పెంచొద్దని కొండల వైద్యం తెలిసిన డాక్టర్లు చెప్తారు. హంప్టా లాంటి చిన్న ట్రెక్కుల్లో రోజులు తక్కువ కాబట్టి ఆ హద్దు అటో ఇటో దాటిపోతుంది. చాలామంది ఒళ్లు తట్టుకుంటుంది, కొందరిది తట్టుకోదు. ఎవరిది తట్టుకోదో ముందుగా చెప్పలేం. రోజూ కట్ట మీద పది కిలోమీటర్లు నడిచే మనిషికి ఈ ఎత్తు జబ్బు రావచ్చు, ఎప్పుడూ నడవని మనిషికి రాకపోవచ్చు. తలనొప్పి, వాంతి, తిండి సయించకపోవడం దాని మొదటి గుర్తులు. ఆ గుర్తులుంటే ఇంకా పైకి పోకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి, అంతే. దీన్ని పట్టించుకోకుండా పైకి పోతే కొందరికి నడకలో తూలు వస్తుంది, మాట తికమకపడుతుంది, కూర్చున్నా ఆయాసం ఆగదు. అప్పటికి అది ప్రాణం మీది సంగతి.

ఇంకొక విషయం మీరు గమనించారో లేదో. పాస్ దాటాక ఆ రాత్రి క్యాంపు వేసే షియా గోరు, బాలు కా ఘేరా కంటే ఎత్తులోనే ఉంటుంది. అంటే పాప ఆ రోజు పాస్ దాటి ఉంటే ముందు రాత్రి వాంతులైన చోటు కంటే పైన పడుకునేది. అక్కడ జబ్బు ముదిరితే వెనక్కి రావాలన్నా మళ్లీ పాసే ఎక్కాలి, ముందుకు పోవాలన్నా ఛత్రు దాకా నడవాలి, మధ్యలో బండి వచ్చే చోటు లేదు. మీరు దిగింది ఆ ట్రెక్కులో తేలిగ్గా దిగగలిగిన ఆఖరి చోటు నుంచి. వానకు భయపడే దిగానని మీరు అనుకుంటున్నారేమో, సరే, కారణం ఏదైనా చేసిన పని మాత్రం ఏ డాక్టరైనా చెప్పే పనే.

కాబట్టి పిరికితనం ప్రశ్న నా దృష్టిలో ఇక్కడితో అయిపోయింది.

మరి మీ ఆయన తప్పు చేశారా? అదంత సులువుగా చెప్పేది కాదు. ఆయన ఆరోగ్యం బాగుంది, గైడు వద్దనలేదు, మీతో ఒక మనిషిని పంపారు, వాన తెరిపిచ్చింది. వెళ్లడం తప్పని నేననను. బిడ్డ వాంతులు చేసుకుంటున్నప్పుడు తండ్రి పైకి పోవడం ఎంతవరకు బాగుందన్నది వేరే ప్రశ్న, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నాకు తేడా కొట్టింది ఆ తర్వాత జరిగినదాంట్లో. క్షేమంగా తిరిగొచ్చాం కాబట్టి మాదే కరెక్ట్ అనే లెక్క ఉంది చూశారా, అది చెల్లదు. మన దగ్గర ప్రతి వానాకాలం చూస్తూనే ఉంటాం కదా, వాగు పొంగి కల్వర్టు మీదుగా నీళ్లు పోతుంటే ఒకడు బైకు మీద దాటేస్తాడు, గట్టు మీద ఆగినవాళ్లని చూసి నవ్వుతాడు. ఆ దాటడం వల్ల తేలిందేమిటంటే ఆ పూట నీళ్లు అతన్ని లాగలేదని, అంతవరకే.

కొండల్లో అనుభవం ఉన్నవాళ్లు కూడా దీనికి మినహాయింపు కాదు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ ట్రెక్కులో ఒక బృందం వాతావరణం ఒక్కసారిగా మారిపోయి మంచు గాలిలో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ బృందంలో ఎక్కువ మంది కర్ణాటకవాళ్లు, కొత్తగా కొండ ఎక్కినవాళ్లు మాత్రమే కాదు. చలి అంటే మంచు పడితేనే అనుకుంటాం. కిలోమీటరు పైకి పోతే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, మనాలిలో ఇరవై ఉంటే పాస్ మీద ఏడో ఎనిమిదో ఉంటుంది. ఆ ఏడు డిగ్రీల్లో తడి బట్టలు, గాలి కలిస్తే చాలు, ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోతుంది. జీన్స్ ప్యాంటు ఒకసారి నానిందంటే మోకాళ్ల దగ్గర బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయనివ్వదు, చలికి మొద్దుబారిన వేళ్లతో దాని గుండీ విప్పడం కూడా కష్టమవుతుంది. మనిషి జిప్పు పెట్టుకోలేకపోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, వణుకు ఉన్నట్టుండి ఆగిపోయింది, ఇలాంటివి కనబడితే ఇక పాసూ లేదు, ఫొటోలూ లేవు. ముందు తడి బట్టలు మార్చి వెచ్చగా ఉంచాలి. ఇది మీ ఆయనకు కూడా చదివి వినిపించండి, దెప్పడానికి కాదు, ఆగస్టులో ఆయన వెంట మీ పాప ఉండబోతోంది కాబట్టి.

ఇక బియాస్ సంగతి. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ వీడియో చూసిన తెలుగు తల్లిదండ్రులకు అది పోదు, మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. అయితే ఆ భయాన్ని ఉన్నచోటే ఉంచండి. అది వాన తెచ్చిన వరద కాదు, పైన గేట్లు ఎత్తితే నిమిషాల్లో పెరిగిన నీళ్లు. దాన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే: కొండ నది ఎంత నిమ్మళంగా కనబడినా, ముఖ్యంగా పైన డ్యామ్ ఉన్నచోట, ఫొటో కోసం రాళ్ల మీదకు దిగొద్దు. ఈ నియమం మీ పాపకు, మీ ఆయనకు, ఆ ముగ్గురు దోస్తులకు కూడా వర్తిస్తుంది. దాని పేరు చెప్పి కొండలన్నిటినీ వద్దంటే మాత్రం ఎవరూ వినరు, అవసరమైనప్పుడు మీరు చెప్పే మంచి మాట కూడా వినడం మానేస్తారు.

ఇప్పుడు ఇంట్లో మాట్లాడాల్సినవి. ముందు పాపతో. తను జబ్బు పడిందని ఆ పిల్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. అమ్మ భయపడింది, నాకు పాస్ పోయింది, అంతే దానికి తెలిసిన కథ. మీరు లెక్కల టీచరు కదా, నేను పైన రాసిన ఎత్తులన్నీ కాగితం మీద వేసి ఏ రాత్రి ఎంత ఎక్కిందో దాన్నే తీసివేతలు చేయమనండి. "వాన కోసం కాదు నిన్ను దించింది" అని మీరు పదిసార్లు చెప్పినదానికంటే ఆ కాగితం బాగా పనిచేస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లకు తన ఒంటి గుర్తులు తనే గుర్తుపట్టడం వస్తే, రేపు మీరు పక్కన లేని ట్రెక్కులో కూడా అది పనికొస్తుంది. ఆ రోజు రాకుండా ఉండదు, ఇంకో నాలుగేళ్లు ఆగితే కాలేజీ దోస్తులతో తనే పోతుంది.

తర్వాత ఆయనతో. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు కూడా నాకు ఒకటి కనబడలేదు. మనాలి హోటల్లో ఆ రాత్రి, ఆ మర్నాడు మీరెలా గడిపారో ఆయనకు చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. ఆయన నవ్వుకుంటూ వచ్చారు, ఫొటోలు చూపించారు, మీరు అన్నం తెప్పించి పెట్టారు. అయిపోయింది. ఆయనకు తెలిసిన కథలో మీరు హోటల్లో హాయిగా టీవీ చూస్తూ ఉన్నారు! జోకు ఎక్కడి నుంచి వస్తోందంటే అక్కడి నుంచే. ఇది బ్యాచ్ ముందు, అత్తమ్మ ముందు, పాప ముందు కాకుండా ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కు పోవాలా వద్దా అన్న వాదన మధ్యలో కూడా వద్దు, ట్రిప్పు ఆపడానికి చెప్తున్నారని అనుకుంటారు. వాంతులైన పిల్లతో నన్నొక్కదాన్నే పంపావన్న మాట మీ మనసులో ఉంటే, ఉందనే నాకనిపిస్తోంది, అది కూడా చెప్పండి. బహుశా ఆయన దగ్గర దానికి జవాబు ఉండదు. జవాబు లేకపోవడం కూడా మంచిదే ఒక్కోసారి.

నవ్వి తీసిపారేస్తే? తీసిపారేయొచ్చు. మన మగవాళ్లకు ఇలాంటి మాటలకు నవ్వడం తప్ప వేరే దారి తోచదు చాలాసార్లు. అప్పుడు తర్వాతి ఫంక్షన్‌లో ఆయన "వానకే పరార్" అనగానే మీరు మామూలు గొంతుతో "పాపకు వాంతులైతే దించుకొచ్చిన" అనండి. గొడవ అక్కర్లేదు, మొహం మాడ్చుకోనూ అక్కర్లేదు. పక్కన ఉన్న ఏ పెద్దమనిషో "అయ్యో, మరి నువ్వు ఎందుకు పోయినవ్ రా పైకి" అని ఆయన్నే అడుగుతుంది. కాస్త ఇబ్బంది పడతారు, రెండు రోజులు మూతి ముడుచుకుంటారు, జోకు మాత్రం అక్కడితో ఆగుతుంది. ముందు ఇంట్లో చెప్పకుండా నేరుగా ఇలా నలుగురిలో అంటే అది పరువు తీయడం అవుతుంది, అందుకే వరుస ముఖ్యం.

ఇక ఆగస్టు. మీ ఆయన వానాకాలం ఎంచుకున్నారని మీరు విసుక్కున్నారు గానీ, ఈ విషయంలో ఆయన మూర్ఖంగా ఏమీ లేరు. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జూన్ నుంచి అక్టోబర్ దాకా తెరిచే ఉంటుంది, పూలు మాత్రం నిండుగా ఉండేది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. వాన వల్లే ఆ పూలు. పైగా అది హంప్టా లాంటిది కాదు. దాటాల్సిన పాస్ లేదు. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా బండి పోతుంది, అక్కడి నుంచి ఘాంగ్రియాకు సుమారు పది కిలోమీటర్లు యాత్రికులు నడిచే దారే, టీ కొట్లు కూడా ఉంటాయి. ఘాంగ్రియాలో లాడ్జీలు ఉంటాయి, టెంట్లో తడవక్కర్లేదు. అది 3,050 మీటర్లు. లోయలో రాత్రి ఉండనివ్వరు, పగలు పోయి సాయంత్రానికి మళ్లీ ఘాంగ్రియాకే దిగాలి. కాబట్టి పాప పడుకునే ఎత్తు బాలు కా ఘేరా కంటే బాగా తక్కువ. ఎత్తు సంగతి చూస్తే ఇది మీ పాపకు పోయినసారి కంటే నయమైన ట్రిప్పు.

దీంట్లో ప్రమాదం నడకలో కంటే రోడ్డు మీద ఎక్కువ. రిషికేశ్ నుంచి జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్ దాకా పోయే ఆ రోడ్డు వానాకాలంలో ఎక్కడో ఒకచోట కొండ విరిగిపడి మూతపడుతూనే ఉంటుంది. గంటల్లో తెరవొచ్చు, రోజులు పట్టొచ్చు. 2025 ఆగస్టు 5న అదే రాష్ట్రంలో గంగోత్రి దారిలోని ధరాలీ ఊరి మీదకు బురద వరద ఎలా వచ్చిపడిందో మీరు చూసే ఉంటారు. అది వేరే లోయ, అయినా నెల అదే, కొండలు అవే. మీ ఆయన బ్యాచ్ దిగిన వైపే, హిమాచల్‌లోని చంద్రతాల్ దగ్గర 2023 జులైలో దాదాపు 300 మంది రోడ్లు తెగి రోజుల తరబడి చిక్కుకుపోయారు. వాళ్లు ఆగారు, సహాయం వచ్చేదాకా ఉన్నచోటే ఉన్నారు, బయటపడ్డారు.

అందుకే మీరు పంపిన ప్లాన్‌లో నాకు కంగారు పుట్టించింది వాన కాదు, ఆఖరి లైను. హరిద్వార్ చేరిన మర్నాడు పొద్దున్నే ఢిల్లీ నుంచి ఫ్లైటు. మధ్యలో ఖాళీ రోజు ఒక్కటీ లేదు. రోడ్డు మూసి ఉంటే, టికెట్ పోతుందని రాత్రిపూట బండి తీయమని డ్రైవర్ మీద ఒత్తిడి పెడతారు, రాళ్లు ఇంకా పడుతుండగానే దాటేద్దామంటారు. వాగులు దాటించేది ధైర్యం కాదమ్మా, చాలాసార్లు రిటర్న్ టికెట్టే. రెండు రోజులు ఖాళీ పెట్టుకోమనండి. మిల్లులో సెలవు దొరకదంటే, రోజులు చాలని ట్రిప్పును వానాకాలంలో పెట్టుకోకూడదు.

సరే, దారులు ఏమున్నాయో చూద్దాం. ముగ్గురూ కలిసి ఆగస్టులోనే పోవచ్చు. మీరు వెళ్తే నిర్ణయం జరిగే చోట ఉంటారు, అదొక లాభం. పాప మీ ఇద్దరి మధ్య చూస్తూ ఎవరు చెప్పింది వినాలో తెలియక నలగడం దీని నష్టం. దానికి విరుగుడు, వాదన కొండ మీద పెట్టుకోకుండా ఇక్కడే పానగల్లు కట్ట మీదే తెంపుకోవడం. వాతావరణ శాఖ చమోలీ జిల్లాకు రెడ్ అలర్ట్ ఇస్తే లాడ్జి వదలం. ఆరెంజ్ అయితే లోకల్ గైడు మాటే ఆఖరు, పాప మాత్రం ఆ రోజు పైకి పోదు. తలనొప్పి, వాంతి ఉంటే పైకి పోయే ప్రశ్నే లేదు, దిగేటప్పుడు తల్లో తండ్రో ఎవరో ఒకరు కాదు, ఇద్దరూ దిగాలి. చూడాల్సింది చమోలీ జిల్లా అలర్టే, హరిద్వార్‌లో ఎండ కాస్తోందంటే దానికి అర్థమేం లేదు. ఈ నాలుగు మాటలు వాట్సాప్‌లో రాసుకుని మీ ఆయన 'ఓకే' అని పెడితే చాలు. అక్కడ మబ్బు దిగినప్పుడు ఎవరూ ఎవరినీ పిరికివాళ్లనక్కర్లేదు, ముందే రాసుకున్నది చూస్తారు.

తండ్రీకూతుళ్లనే పంపొచ్చు. ఇది మీకు కష్టమని తెలుసు, అయినా కొట్టిపారేయకండి. ఇద్దరికీ మంచి జ్ఞాపకం కావచ్చు, పాప దగ్గర మీ పేరు మీద ఉన్న ఆ 'ఆపే మనిషి' ముద్ర కూడా పోవచ్చు. మీ ఆయన మీద మీకు నమ్మకం లేకపోతే మాత్రం ఒద్దు. నమ్మకం ఉందా లేదా అన్నది పైన చెప్పిన మాట ఇద్దరూ మాట్లాడుకున్నాక మీకే తెలుస్తుంది, దానికంటే ముందు తెలియదు. పంపితే ఫోన్ సంగతి ఖాయం చేసుకోండి. సిగ్నల్ ఉంటుందని నమ్ముకోవద్దు. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారు, ఎన్నింటి దాకా కబురు రాకపోతే మీరు ఎవరికి ఫోన్ చేయాలి, లాడ్జి నంబరు, బండి నంబరు, గైడు నంబరు ఒక కాగితం మీద మీ దగ్గర ఉండాలి. ఆ మనాలి రాత్రి మళ్లీ రాకుండా చూసుకోవడం మీ హక్కే.

దసరా సెలవులకు మార్చొచ్చు. సెప్టెంబర్ రెండో సగంలో నైరుతి వానలు వాయవ్యం నుంచి వెనక్కి మళ్లడం మొదలవుతుంది, దసరాకు కొండలు తేటగా ఉంటాయి, రోడ్లు నిలకడగా ఉంటాయి, పాపకు క్లాసులు పోవు. పూలు మాత్రం పెద్దగా మిగలవు. మీ ఆయన చూడాలనుకున్నది పూలే అయితే అది ఆయనకు నిజమైన నష్టం, దాన్ని చిన్నది చేసి మాట్లాడకండి. చలి కూడా ఎక్కువ. ఇంకా ఒకటుంది, బతుకమ్మ పూట ఇల్లు వదిలిపెట్టి ఎక్కడికి తిరుగుతారని అత్తమ్మ అంటారు. ఆ పంచాయితీ మీరే తెంపుకోవాలి.

అసలు వద్దే వద్దనొచ్చు కూడా. ఆ అధికారం మీకు ఉంది. ఈ ఏడు ఆగుతారు. కానీ ఆ 'వానకే పరార్' కథకు ఇంకో భాగం చేరుతుంది, పాప కొండలకు పోయే రోజు మాత్రం తప్పదు, నేర్చుకోకుండా పోతుంది. నేనైతే ఈ దారి ఎంచుకోను, అయితే మీ ఆయన పైన చెప్పిన షరతుల్లో ఒక్కదానికి కూడా ఒప్పుకోకపోతే అప్పుడు ఇదే సరైనదవుతుంది.

హేమకుండ్ విషయం విడిగా చూడండి. అది ఘాంగ్రియా నుంచి ఆరు కిలోమీటర్లు, నిటారుగా ఎక్కాలి, పైన 4,000 మీటర్ల పైమాటే. ఒకే రోజు వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి దిగడం. గుర్రాలు ఉంటాయి, కాళ్ల నొప్పి తప్పుతుంది, ఎత్తు మాత్రం ఎత్తే. మీ పాపకు పోయినసారి ఇబ్బంది వచ్చింది కాబట్టి ముందు లోయ చూసి, ఘాంగ్రియాలో రెండు రాత్రులు గడిచాక, పొద్దున లేచి తల తేలిగ్గా ఉందంటేనే హేమకుండ్. లోయ కంటే ముందే హేమకుండ్ ఎక్కించేస్తామని ప్లాన్‌లో ఉంటే మార్చమనండి. పోయే ముందు పిల్లల డాక్టర్‌కు పోయినేడు జరిగింది చెప్పి ఎత్తు జబ్బు రాకుండా వాడే డైమాక్స్ మాత్ర అవసరమా అని అడగండి. సల్ఫా మందులు పడని వాళ్ల విషయంలో దాంతో జాగ్రత్తగా ఉండాలి, మెడికల్ షాపులో సొంతంగా కొనేది కాదది.

ఈలోపు ఒక ఆదివారం ముసురు పట్టిన పూట, ఉరుములు లేనప్పుడు, ముగ్గురూ బ్యాగులు వేసుకుని లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి దిగండి. చెరువుగట్టు మెట్లైనా ఫర్వాలేదు. ఎత్తుకు ఒళ్లు అలవాటు కావడానికి ఇవి పనికిరావు, ఆ భ్రమ వద్దు. కానీ రెయిన్‌కోట్ ఎక్కడ కారుతుందో, బ్యాగులో ఏది తడిసిందో, తడి షూతో పాప ఎంతసేపటికి విసుక్కుంటుందో ఇంటికి అరగంట దూరంలోనే తెలిసిపోతుంది. రాత్రి వేసుకునే పొడి బట్టల జత ఒకటి పాలిథిన్ కవర్లో కట్టి బ్యాగు అడుగున పెట్టండి, ఏం జరిగినా దాన్ని పగలు ముట్టొద్దు. సకినాలు, అప్పాలు ఎన్నైనా పెట్టుకోండి, జీన్స్ మాత్రం ఇంట్లో వదిలేయండి.

రెండో విడత డబ్బు కట్టే ముందు మీరే ఆ ట్రెక్ వాళ్లకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: రోడ్డు మూతపడి ఆగిపోతే అదనపు రోజుల ఖర్చు ఎవరిది, మధ్యలో ఒకరు దిగిపోవాల్సి వస్తే వెంట ఎవరు వస్తారు, అలర్ట్ వల్ల మీరే రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారు. సూటిగా చెప్తే కట్టండి. "మేం చూసుకుంటాం మేడం, టెన్షన్ పడకండి" అని మాత్రమే అంటే ఆ పదిహేను వేలు పోయినా పోనివ్వండి, ఇంకొకళ్లను వెతకమని మీ ఆయనకు చెప్పండి.